అల్లుడుగారి చేతి ఈకలు

ఎర్రదిన్నె ఈకబల్లుల కేంద్రం, పొదుగు పుస్తకం. రాయువారు: ఓబులేశు, ఎమ్మెస్సీ జంతుశాస్త్రం, ప్రస్తుతం పేడ, గుడ్లు, గేటు విభాగాల అధిపతి.

1వ రోజు

ఈ ఉదయం ఆరుగంటల పది నిమిషాలకు అల్లుడుగారు గుడ్ల మీద ఆసీనులయ్యారు.

ఈ పుస్తకం రేపు ఎవరి చేతిలో పడుతుందో తెలియదు కాబట్టి ముందే చెప్పేస్తాను. అల్లుడుగారు మనిషి కాదు. నడుమెత్తున రెండు కాళ్ళ మీద నడిచే నలభై కేజీల ఈకబల్లి. ముక్కు చిలకది, తోక విసనకర్రది, కోపం మాత్రం సొంతం. కోడి జన్యువుల్ని తరం తరం వెనక్కి నడిపించి మా పెద్దవాళ్ళు మళ్ళీ లోకంలోకి తెచ్చిన జాతి ఇది. ఆయన తుంగభద్ర అవతలి కేంద్రం నుంచి ఇక్కడికొచ్చి, ముగ్గురు భార్యలతో కాపురం చేస్తూ, మా తిండి తింటూ మా మీదే అరుస్తుంటారు. అందుకే ఇల్లరికపు అల్లుడి హోదా ఇచ్చేశాం.

ఆ ముగ్గురూ ఆయన గూట్లో గుడ్లు పెట్టేసి, వెనక్కి తిరిగి చూడకుండా మేతకు వెళ్ళిపోయారు. ఈ జాతిలో పొదగడం తండ్రి పని. ఈ సంగతి మా అమ్మకు చెబితే, "అంత మంచి జాతి ఎట్లా అంతరించిందిరా?" అని నిజంగానే బాధపడింది.

గూడంటే మట్టిదిబ్బ. మధ్యలో ఆయన కూర్చునే ఖాళీ. దాని చుట్టూ రెండు వరుసల్లో గుడ్లు, సగం మట్టిలో, సగం పైకి. లోపలి వరుసలో పది, బయటి వరుసలో పన్నెండు.

ఇక నవ్వులాట కాని సంగతి. మా కేంద్రంలో ముప్ఫై ఒక్క ఆడ ఈకబల్లులు ఉన్నాయి. మగది ఈయన ఒక్కరే. మిషన్లో పొదిగిస్తే అన్ని గుడ్లకూ ఒకే వేడి తగిలి అన్నీ ఆడవే వస్తాయి, మిషన్ వేడి తగ్గిస్తే ఒక్కటీ పగలదు. తండ్రి కింద అయితే లోపలి వరుసకు వేడి ఎక్కువ, అవి ఆడవి. బయటి వరుస కాస్త చల్లగా ఉంటుంది, మగపిల్లలు అక్కణ్ణుంచే రావాలి. ఆయన ఇక్కడ ఇప్పటికి రెండుసార్లు పొదిగారు. రెండుసార్లూ లోపలి వరుస నిక్షేపంగా పిల్లలైంది, బయటి వరుస మొత్తం మురిగిపోయింది. ఆయనకు వయసు మళ్ళింది. ఆయన్ని పంపిన కేంద్రంలో ఇప్పుడు మగవే లేవు.

మా కేంద్రం అధిపతి జుబేదా మేడమ్ పదకొండేళ్ళుగా ఈ దిబ్బల మధ్యే ఉన్నారు. పొద్దున గూటి దగ్గర నిలబడి ఆవిడ అన్నది ఒకటే మాట. "ఈసారి బయటి వరుసలో ఒక్క మగపిల్లైనా రాకపోతే ఈ జాతి రెండోసారి పోయినట్టే, ఓబులేశూ."

మొదటిసారి ఆకాశం నుంచి ఉల్క పడాల్సి వచ్చింది. రెండోసారికి ఈ కేంద్రం నడిపే మేం ముగ్గురం సరిపోతాం.

4వ రోజు

దినచర్య: ఆడవాళ్ళను కొర్రచేలకు తోలడం, సాయంత్రం తోలుకురావడం. చుట్టుపక్కల పద్దెనిమిది ఊళ్ళ పంటను మిడతల నుంచి కాపాడుతున్నది వీళ్ళే. ఈ ఎండలకు కోళ్ళు ఎప్పుడో చేతులెత్తేశాయి. దిబ్బ చుట్టూ చీమలమందు చల్లాను. అల్లుడుగారికి తొట్టిలో నీళ్ళు, గంపలో మిడతలు అందించాను. కృతజ్ఞతగా నా మోచేతిని పొడిచారు.

గుడ్ల మధ్య నాలుగు థర్మామీటర్లు గుచ్చాను. మధ్యాహ్నం లోపలి వరుస ముప్ఫై ఆరు, బయటి వరుస నలభై ఒకటి.

చల్లగా ఉండాల్సినవి వేడిగా ఉన్నాయి. థర్మామీటర్లు తలకిందులుగా పెట్టానేమోనని మళ్ళీ చూశాను. థర్మామీటర్లు బాగానే ఉన్నాయి. ఎండే నేరుగా గుడ్ల మీద పడుతోంది.

"గుడ్లు ఉడుకుతాండాయి సామీ," అన్నాడు చిన్నీరప్ప మామ. ముప్ఫై ఏళ్ళు కోళ్ళఫారాల్లో పనిచేసి వచ్చిన మనిషి. నాకు ఈ ఉద్యోగంలో వచ్చిన ప్రతి పనీ ఆయన నేర్పిందే. ఎమ్మెస్సీ నేర్పినవి పరీక్షల తరవాత ఎటో వెళ్ళిపోయాయి.

6వ రోజు

దిబ్బ మీద పచ్చ నెట్టు కట్టాం. అల్లుడుగారు తలెత్తి చూశారు. పైన కదిలేది ఏదైనా సరే గద్ద అని ఆయన అభిప్రాయం. అరిచి, గెంతి, నెట్టును మూడు పీలికలు చేసి, నలభై నిమిషాలు గూటి మీదకు రాలేదు. ఆ నలభై నిమిషాలూ జుబేదా మేడమ్ వాచీ వంక కాకుండా నా వంకే చూశారు. నెట్టు ఆలోచన నాది.

సాయంత్రం దిబ్బ మీద నీళ్ళు చల్లాం. ఆలోచన మామది. పావుగంటలో చీమలబారు వచ్చింది. మళ్ళీ మందు చల్లాను. ఇక ఎవరి ఆలోచనా వద్దని మేడమ్ ఉత్తర్వు.

9వ రోజు

గుడ్లకు టార్చి పెట్టి చూశాం. బయటి వరుసలో ఒకటి పోయింది. మిగిలినవి పదకొండు.

మేడమ్ ఉదయం నుంచి తడిక వెనక ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నారు. ఆవిడది గుడ్డు లోపలి చదువు. బతికున్న జంతువు మొహం చూడ్డం కంటే దాని కణం చూడ్డమే అలవాటు. ఈ రోజు మాత్రం కన్ను తిప్పలేదు. మధ్యాహ్నం రెండు గంటలకు నన్ను పిలిచారు.

"చూడు. ఎండ జరిగే కొద్దీ ఆయన చేతులు జరుపుతున్నాడు."

నిజమే. అల్లుడుగారు రెండు చేతులూ బారచాపి బయటి వరుస మీద పరుస్తున్నారు. ఎండ పడమటికి తిరిగితే ఎడమచేయి ఇంకాస్త చాపుతున్నారు. భుజం నొప్పెట్టేంత చాపుతున్నారు. కానీ ఆ చేతుల కింద నీడ లేదు. మోచేతి నుంచి వేళ్ళ దాకా పొట్టి మోళ్ళు, దువ్వెన పళ్ళలాగా. వాటి సందుల్లోంచి ఎండ తిన్నగా గుడ్ల మీదికే.

"ఆయన చేతులకు ఈకలు ఏవి?"

"కత్తిరించాం మేడమ్."

"ఎవరు?"

"నేనే. వచ్చిన రోజే. తరవాత కొత్తవి మొలిచినప్పుడల్లా."

"ఎందుకు?"

"ఎగిరిపోకుండా."

మేడమ్ ముక్కాలిపీటను నా వైపు తిప్పుకున్నారు. తరవాత చాలా మర్యాదగా అడిగారు. "ఓబులేశూ, ఆయన ఎగరగలడా?"

"ఎగరలేడు మేడమ్."

"ఎప్పుడైనా ఎగిరాడా?"

"లేదు."

"ఆయన తాతముత్తాతలు?"

"వాళ్ళూ ఎగరలేదు. ఈకలు ముందొచ్చాయి, ఎగరడం ఎప్పటికో వచ్చింది." ఈ ప్రశ్నకు మూడో సెమిస్టర్లో పది మార్కులకు పది తెచ్చుకున్నాను. "మొదట ఒంటికి వెచ్చగా నూగు. తరవాత ఆడవాళ్ళ ముందు పోజు కొట్టడానికి రంగులు. తరవాత గుడ్ల మీద కప్పడానికి చేతి ఈకలు..."

వాక్యం అక్కడ ఆగిపోయింది. నా నోటితో నేనే తీర్పు చదివేసుకున్నానని అర్థమైంది.

మామ ముందుకొచ్చాడు. "అబ్బోణ్ణి అనొద్దమ్మా. నేనే చెప్పినా. ఫారంలోకి కొత్త కోడి వచ్చిందంటే ముందు రెక్క గోయల్ల. లేకుంటే గోడ దూకుతాది. ముప్ఫై ఏండ్లు అదే చేసినా."

"నలభై కేజీల కోడా, ఈరప్పన్నా?"

"రెక్క ఉండాది గదమ్మా," అన్నాడు మామ. అప్పటికే గొంతు తగ్గిపోయింది.

ఇక్కడి ఆడవాటికి పుట్టిన వారంలోనే కత్తిరిస్తాం. అందుకే నిండు ఈకలున్న చేయి ఎట్లా ఉంటుందో ఈ కేంద్రంలో ఎవరూ చూడలేదు. చూసింది నేనొక్కణ్ణే. అల్లుడుగారు లారీ దిగిన రోజున, పది నిమిషాలు. ఎర్రటి పొడుగాటి ఈకలు, చివర నల్లంచు. కత్తెర పదునుగా ఉందని సంతోషించాను. రిజిస్టర్లో ఆ రోజు నేను రాసిన మాట: "చక్కగా కత్తిరించబడినవి."

10వ రోజు

కొత్త ఈకలు రావాలంటే పాతవి రాలాలి. అవి రాలడానికి ఇంకా ఐదు నెలలు. గుడ్లకు ముప్ఫై ఆరు రోజులే టైముంది.

జిల్లాకు పంపాల్సిన నివేదిక రాశాను. కారణం దగ్గర నా పేరు పెట్టాను. ఈ పుస్తకంలో హాస్యం లేకుండా రాసిన వాక్యం బహుశా అదొక్కటే. మామ చదివించుకుని విన్నాడు.

"నా పేరు గూడా రాయి."

"నీకెందుకు మామా, నువ్వు పర్మనెంటు కూడా కాదు."

"అందుకే రాయమంటాండా. నన్నేం పీకుతారు?"

నివేదిక మేడమ్ దగ్గరికి వెళ్ళింది. మా రెండు పేర్ల కింద మూడోది చేరి వచ్చింది. రెక్కలు కత్తిరించాలన్న రూలు కాగితం మీద పదకొండేళ్ళ కిందటి సంతకం ఆవిడదేనట, ఆవిడే మరిచిపోయారట. కోళ్ళఫారం రూళ్ళపుస్తకాన్ని కాపీ కొట్టి పైన పేరు మాత్రం మార్చారట.

ముగ్గురం వరండాలో కూర్చుని మజ్జిగ తాగాం. బోనెక్కాల్సిన వాళ్ళందరం ఒకే బెంచీ మీదున్నాం. ఆ మాటే పైకి అన్నాను. ఎవరూ నవ్వలేదు.

మామ నేల చూస్తూ అన్నాడు. "ఒగ మాట చెప్తా. బయట చెప్పకూడదు."

"చెప్పన్నా."

"పుంజుల అందాల పోటీలు జరుగుతాండె గదా మా పక్క. తోక ఈక విరిగిన పుంజుని పోటీలో రానీరు. అట్లాంటిదానికి వేరే పుంజు ఈక తెచ్చి అతికిస్తాంటి. ఎవురికీ తెలీకుండా. మూడుసార్లు మొదటి ప్రైజు."

మేడమ్ మజ్జిగ గ్లాసు కింద పెట్టారు. "ఈరప్పన్నా, అది మోసం."

"మోసమేనమ్మా."

"మళ్ళీ చేయగలవా?"

11వ రోజు

మామ నాకు పాఠం చెప్పాడు. కత్తిరించిన ఈక మొదలు లోపల గొట్టంలా బోలుగా ఉంటుంది. వెదురుపుల్లను సూదిలా చెక్కాలి. సగం ఆ గొట్టంలోకి, మిగతా సగం కొత్త ఈక గొట్టంలోకి. మధ్యలో తుమ్మబంక. మోడుకు నొప్పి తెలియదు, గోరు లాంటిదే.

కొత్త ఈకలు ఎక్కడివి? ఆడవాటి చేతులూ మోళ్ళే. కానీ వాటి తోకలు మేమెప్పుడూ ముట్టలేదు. తోకతో ఎగిరిపోతాయని మాకు తట్టనందుకు దేవుడికి దండం. ఇప్పుడు అవి తోక ఈకలు రాల్చే కాలం. ముప్ఫై ఒక్క కొట్టాలు ఊడ్చి, పేడలోంచి ఏరి, కడిగి, ఆరబెట్టాను. మంచివి ఇరవై ఆరు దొరికాయి. చేతికి పన్నెండు చొప్పున కావాలి. రెండు మిగులు.

"తోక ఈక చేతికి పనికొస్తుందా మేడమ్?" అని అడిగాను.

"ఎగరాలంటే పనికిరాదు. ఎగిరే ఈకకు ఒక పక్క సన్నంగా, ఇంకో పక్క వెడల్పుగా ఉండాలి. నీడకు ఆ గొడవ లేదు."

12వ రోజు

ఆపరేషన్ మొదలు. తెల్లవారి ఐదున్నరకు ఆయన ఇంకా ఒళ్ళు చల్లబడి మత్తులో ఉంటారు. గూటి మీద నుంచి లేపకూడదు, కాబట్టి కూర్చున్నచోటే చేయాలి. నా కాలేజీ ఫేర్‌వెల్ చొక్కా చేతిని కత్తిరించి ఆయన తలకు ముసుగు తొడిగాం. రెండేళ్ళ ఎమ్మెస్సీకి గుర్తుగా మిగిలిన ఒకే ఒక్క వస్తువు అది.

చేయి పట్టుకోవడం ఎవరి వంతన్న చర్చ జరగలేదు. "కత్తిరించినోడే పట్టుకుంటాడు," అన్నారు మేడమ్.

దిబ్బ అంచున బోర్లా పడుకుని, గుడ్లకు జానెడు దూరంలో గడ్డం ఆనించి, ఆయన చేతిని నా రెండు చేతుల్లో పట్టుకున్నాను. మూడు వేళ్ళు, మూడు కొడవళ్ళు.   

మామ పుల్ల గుచ్చాడు, బంక రాశాడు, ఈక తొడిగాడు, ఊదాడు. ఊపిరి బిగబట్టి మూడు ఈకలు పెట్టాం. నాలుగోదానికి అల్లుడుగారు మేల్కొన్నారు. నా చెవి పక్కనుంచి గోరు దూసుకుపోయింది.

"ఈ పొద్దుటికి చాలు," అన్నాడు మామ, పోటీలో గెలిచిన వాడి గొంతుతో.

19వ రోజు

రోజుకు మూడు చొప్పున ఇరవై నాలుగూ అయ్యాయి. ముప్ఫై ఒక్కమంది ఆడవాళ్ళ తోకలు కలిసిన చేతులు కదా, ఒకటి గోధుమరంగు, ఒకటి బూడిద, ఒకటి చారలది. టైలరు మిగులు గుడ్డలతో కుట్టిన బొంతలా ఉన్నారు.

ముసుగు తీసి తడిక వెనక్కి పరిగెత్తాం. ఆయన తన కుడిచేతిని చూసుకున్నారు. ముక్కుతో ఒక ఈకను మొదలు నుంచి చివరిదాకా దువ్వారు. రెండోది దువ్వారు. మూడోదాన్ని పీకి అవతల పారేశారు.

"అయిపాయ," అన్నాడు మామ.

నాలుగోది దువ్వారు. ఐదు, ఆరు. చివరిదాకా దువ్వి, ఒళ్ళు దులిపి, రెండు చేతులూ బారచాపి బయటి వరుస మీద పరిచారు. పదకొండు గుడ్లూ నీడలోకి వెళ్ళాయి. ఒక్క ఈక పోయినచోట మాత్రం రూపాయంత ఎండ. దాన్నీ గమనించి చేయి కొద్దిగా ముడిచారు. అదీ మూసుకుంది.

మధ్యాహ్నం లోపలి వరుస ముప్ఫై ఆరు. బయటి వరుస ముప్ఫై నాలుగు.

మేడమ్ ఆ అంకె రెండుసార్లు చదివించుకుని, "ఎండ కంట్లో పడింది," అంటూ లోపలికి వెళ్ళిపోయారు. ఆవిడ కూర్చున్నది చూరు కింద.

31వ రోజు

టార్చి పరీక్ష. బయటి వరుసలో ఇంకో ఐదు పోయాయి. అవి మొదటి రోజుల్లోనే ఉడికినవని మేడమ్ అన్నారు. అంటే నా కత్తెర లెక్కలోవి. మిగిలిన ఆరింట్లో నీడ కదిలింది. ఒకటైతే టార్చి వెలుగును తన్నింది.

ఆరు. వేళ్ళ మీద లెక్కపెట్టి పడుకుంటున్నాను.

46వ రోజు

లోపలి వరుస పగిలింది. పదికి పది. మగపిల్ల అయితే కంటి మీద తెల్లగీత ఉంటుంది. పదింటికీ లేదు. మేం అనుకున్నదే. అయినా ప్రతి పిల్లనూ ఎత్తి కంటి మీద వేలితో తుడిచి చూశాను, గీత మట్టి కింద దాక్కుందేమోనని.

బయటి వరుస ఉలకలేదు. చల్లటివి కాబట్టి ఆలస్యమవుతాయి. ఈ మాట నాకు నేనే పదిహేనుసార్లు చెప్పుకున్నాను.

49వ రోజు

ఏమీ లేదు. పది మంది ఆడపిల్లలు దిబ్బంతా తొక్కుతున్నారు. తిండికి వెళ్దామని తండ్రిని పొడుస్తున్నారు. ఆయన లేస్తే ఆరు గుడ్లూ చల్లబడతాయి. లేవలేదు. మూడు రోజులుగా ఏమీ తినలేదు. మిడతల గంప ముక్కు దాకా తీసుకెళ్ళాను. నన్ను పొడవలేదు. అదే నాకు భయం వేసింది.

"తిను నాయనా," అన్నాడు మామ పక్కన కూర్చుని. "నీకు మొక్కుతా. తిను." ఒక్కో మిడతను అరచేతిలో పెట్టి అందించాడు. పదకొండో మిడతకు నోరు తెరిచారు.

51వ రోజు

ఉదయం ఏడు గంటలకు బయటి వరుసలో ఒక గుడ్డు చిట్లింది. ముక్కు కనిపించింది. ఆగిపోయింది. ముగ్గురం తడిక పట్టుకుని నిలబడ్డాం. సాయం చేయకూడదు, అది రూలు. రూళ్ళ మీద నాకు నమ్మకం పోయి చాలా రోజులైంది కానీ ఇది మేడమ్ చేత్తో కొత్తగా రాసిన రూలు.

ఏడూ నలభైకి పెంకు పైసగం ఊడింది. తడి తల ఒకటి బయటికొచ్చి, లోకాన్ని చూసి, నచ్చనట్టు కళ్ళు మూసుకుంది. ఎడమకంటి మీద సున్నంతో గీసినట్టు తెల్లగీత.

"ఉండాది!" అని మామ అరిచాడు. ఎవరో నా వీపు మీద గుద్దారు. చూస్తే మేడమ్. మళ్ళీ గుద్దారు. "ఉంది, ఓబులేశూ, ఉంది!" నేనేదైనా గంభీరమైన మాట అందామనుకున్నాను. ఈ పుస్తకానికి అవసరం కూడా. నోట్లోంచి వెక్కిళ్ళు తప్ప ఏమీ రాలేదు.

సాయంత్రానికి ఐదు పగిలాయి. నాలుగింటికి గీత ఉంది. ఒకటి ఆడది. ఆరోది పగలలేదు. పగలదని మేడమ్ చెప్పారు.

నలుగురు మగపిల్లలు. మళ్ళీ రాస్తున్నాను, రాయడానికి బాగుంది. నలుగురు.

ఆరు గంటలకు అల్లుడుగారు లేచారు. కాళ్ళు తిమ్మిరెక్కి రెండుసార్లు కూలబడ్డారు. తొట్టి దాకా నడిచి, చాలాసేపు నీళ్ళు తాగి, తిరిగి వస్తూ దారిలో నా మోచేతిని పొడిచారు. రక్తం వచ్చింది. ఇంత ఊరట నాకు ఏ మందూ ఇవ్వలేదు.

60వ రోజు

పొదుగు పుస్తకం ఈ రోజుతో ముగించాలి.

జిల్లా నుంచి జవాబు వచ్చింది. నాకు హెచ్చరిక, మామకు హెచ్చరిక, మేడమ్‌కు హెచ్చరిక, ముగ్గురికీ కలిపి ఒక అభినందన. అన్నీ ఒకే కాగితం మీద. రెక్క కత్తిరించే రూలు అన్ని కేంద్రాల్లోనూ రద్దు. పిల్లలకు చేతుల మీద చిటికెనవేలంత ఈకలు వచ్చాయి. కత్తెరను నేను బావిలో వేద్దామనుకుంటే, గడ్డి కోయడానికి కావాలని మామ లాక్కున్నాడు.

సాయంత్రం పిల్లల్ని మొదటిసారి ఆవరణలోకి వదిలాం. మేడమ్ కుర్చీలో, మామ గేటు దగ్గర, అల్లుడుగారు గట్టు కింద, నేను మధ్యలో పుస్తకంతో. ఆవరణ అంచున ఏటవాలు గట్టు ఉంది, అవతల కొర్రచేలు. మగపిల్లల్లో అన్నిటికంటే చిన్నది ఒక మిడత వెంట పడింది. మిడత గట్టెక్కింది. పిల్ల కూడా ఎక్కుతూ, కాళ్ళు జారుతుంటే, ఆ చిట్టి చేతులు రెండూ టపటపా కొట్టడం మొదలుపెట్టింది. చేతులు కొట్టేకొద్దీ కాళ్ళు మట్టిని పట్టాయి. మనిషి పాకాల్సిన గట్టు మీద అది నిటారుగా పరిగెత్తింది.

"ఓబులేశూ, పట్టుకో! ఎగిరిపోతుంది!" అని అరుపు.

పుస్తకం పడేసి పరిగెత్తాను. మామ గేటు వదిలేసి అటువైపు నుంచి పరిగెత్తాడు. గట్టు మధ్యలో ఇద్దరం ఢీకొని కూలబడ్డాక, అరిచింది ఎవరా అని వెనక్కి తిరిగి చూశాం.

జుబేదా మేడమ్, జన్యుశాస్త్రంలో డాక్టరేటు, కుర్చీలోంచి లేచి నిలబడి, రెండు చేతులతో నోరు మూసుకుని ఉన్నారు.

పిల్ల గట్టు మీద మిడతను మింగి, పల్టీలు కొడుతూ కిందికి దొర్లి, లేచి, తండ్రి చేతికింద దూరింది.